మేకు పడ్డచోటే

ఆ మోడు కాస్త ఎగదొయ్యరా నాన్నా, నెగడు చల్లబడుతోంది. ఊరందరి గింజలూ తూచకుండా ఎకరానికి ఎన్ని బస్తాలు పండిందో ఎలా చెబుతారని అడిగావు కదూ? నా వయసంతా ఆ పనిలోనే గడిచింది.

మా నాన్నగారి రోజుల్లో కరణంగారు గట్టు మీద నిలబడి చేలు చూసి, ‘ఈ ఏడు పన్నెండణాల పంట’ అని రాసుకునేవారు. పదహారణాలంటే నిండు పంట. ఆయన కన్ను చెడ్డదని కాదు. గట్టు మీదివాడికి గట్టు పక్క మళ్లే కనబడతాయి, శివారు చేను ఎవరు చూశారు?

ఆ లోటు తీర్చడానికే చీటీల పద్ధతి వచ్చింది. బెంగాల్లో జనపనార ఎంత సాగైందో తేల్చడానికి గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారు 1937లో చీటీ తీసినట్టు పొలాలు ఎంచి కొలిపించడం మొదలుపెట్టారు. తర్వాత పంట కోతల దగ్గర ఆయనకూ మరో గణాంక శాస్త్రవేత్త సుఖాత్మే గారికీ పెద్ద వాదన. కోసే మడి మరీ చిన్నదైతే అంచు దుబ్బులు లోపలికి కలిసిపోయి దిగుబడి ఎక్కువ చూపిస్తుందని సుఖాత్మే గారి మాట. అది నిజమేనని నా చేతులతో చూశాను. మడి చుట్టూ కట్టిన తాడు కింద నిలిచిన ప్రతి దుబ్బునీ వంగి, వేరు లోపలుందా బయటుందా అని చూడాల్సిందే.

మా పద్ధతి చెబుతాను విను. చీటీలకి బదులు వాడే అంకెల పట్టికలో వచ్చిన సర్వే నంబరు చేనుకి వెళ్లి, నైరుతి మూల నుంచి పొడవున ఇన్ని అంగలు, వెడల్పున ఇన్ని అంగలు నడిచి మేకు కొట్టాలి. అక్కడి నుంచి ఐదు మీటర్ల చదరం. మూల నుంచి ఎదురు మూలకి 7.07 మీటర్లు రాకపోతే చదరం వంకరన్నట్టే. కోసి, నూర్చి, తూస్తాం. 15 కిలోలు వస్తే హెక్టారుకి 6,000 కిలోలు. అది పచ్చి తూకం, ఆరబెట్టాక ఎంత తగ్గిందో మళ్లీ చూడాలి.

కోతలు పెంచుకుంటూ పోతే సరిపోతుందనుకుంటారు. తప్పుని సగం చెయ్యాలంటే కోతలు నాలుగింతలు కావాలి, అంతమంది మనుషులెక్కడ? అందుకని కాలువ మొదటి ఊళ్లు, శివారు ఊళ్లు, వానాధారం ఊళ్లు అని ముందే విడదీసి, దేనికది చీటీ వేసి, విస్తీర్ణాన్ని బట్టి సగటు కలిపేవాళ్లం. ఒకేలా పండే చేలు ఒక గుంపులో ఉంటే కొద్ది కోతలే చాలు. ఎంత తెలివైన ఆలోచనో చూడు!

పనిలో చేరిన కొత్తలో ఓ ముసలమ్మ చేలో మేకు చౌడు మీద పడింది. ‘పక్కన బాగుంది కదా బాబూ, అక్కడ కొయ్యి, నలుగురూ నవ్వుతారు’ అంది. జాలేసి జరిపాను. ఆ ఏడు నష్టసాయం జాబితాలో ఆ ఊరు లేదు. నా ఒక్క కోత వల్లేనని చెప్పలేను. కాదనీ చెప్పలేను. చాలా రాత్రులు నిద్ర పట్టలేదు.

రెండేళ్లకి చీటీ మళ్లీ ఆవిడ చేనుకే వచ్చింది. ఈసారి మేకు నిండు కంకుల మధ్య పడింది. ఆవిడ గట్టు దిగి వచ్చి, ‘అటు చౌడు కూడా ఉంది కదా బాబూ, అది చూడవా?’ అంది.

‘లేదమ్మా, మేకు పడ్డచోటే’ అని తాడు బిగించాను.