మద్రాసు విమానం

ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో మీదుగా వెళ్తుంటే తెలుగు సినిమా పుట్టినప్పటినుంచీ ఇక్కడే ఉందనిపిస్తుంది. మా తరానికి మద్రాసు ఒక ఫ్లాష్‌బ్యాక్, అంతే. కానీ మధ్యలో చాలా ఏళ్లు ఇండస్ట్రీ రెండిళ్ల కాపురం చేసింది. అన్నపూర్ణ స్టూడియోస్ 1976లోనే మొదలైనా, 1994లో వచ్చిన 'భైరవద్వీపం' సెట్లు మద్రాసులోని విజయా వాహినిలోనే వేశారు. ఇల్లు ఒక ఊళ్లో, షూటింగ్ ఇంకో ఊళ్లో. ఆ రెంటినీ కలిపింది విమానం.

1993 నవంబర్ 15న మద్రాసు నుంచి హైదరాబాద్ బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ 440 అలాంటిదే. చిరంజీవి, ఆయన మామగారు అల్లు రామలింగయ్య, బాలకృష్ణ, విజయశాంతి అందులో ఉన్నారు. మొత్తం 262 మంది.

బేగంపేట మీదకొచ్చేసరికి కింద ఏమీ సరిగ్గా కనబడలేదు. పైలట్లు దిగే ప్రయత్నం మానుకుని మళ్లీ పైకి లేపారు. ఇందులో వింతేం లేదు, రూల్స్ చెప్పేదీ అదే. అసలు చిక్కు తర్వాత వచ్చింది. దిగేటప్పుడు రెక్కల వెనక చాచే ఫ్లాపులు తిరిగి పూర్తిగా ముడుచుకోలేదు. ఫ్లాపులు చాచి ఎగరడమంటే గొడుగు విప్పి ఎదురుగాలిలో నడవడం లాంటిది. వేగం తగ్గుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. మద్రాసుకి వెనక్కి మళ్లారు కానీ ఇంధనం అంతదూరం రాదని తేలింది. తిరుపతికి తిప్పారు. అక్కడికీ చేరలేక దగ్గర్లోని వరిపొలంలో దించేశారు. విమానం మళ్లీ ఎగరడానికి పనికిరాలేదు. మనుషులు మాత్రం 262 మందీ బతికారు.

రోజూ సర్వర్లతో కుస్తీపట్టే నాకు ఈ కథ బాగా తెలిసినదే. మెయిన్ పడిపోతే బ్యాకప్ ఉంటుంది. కానీ ఆ బ్యాకప్ లెక్క, మిగతావన్నీ సరిగ్గా పనిచేస్తాయనే నమ్మకంతో వేసింది. వాతావరణం ఒక్కటే మొరాయించి ఉంటే మద్రాసు చేరేవాళ్లు. ఫ్లాపులూ మొరాయించాయి.

యూట్యూబ్‌లో వెతికితే ఇది హీరోలు చావు తప్పించుకున్న కథగానే దొరుకుతుంది. దేవుడి దయ అంటారు, అభిమానుల పూజలంటారు. నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఆ మాటల్లో రెండు విషయాలు తప్పిపోతున్నాయి. పొలాన్ని ఎంచుకున్న కాక్‌పిట్ ఒకటి. పోస్టర్ మీద పేరు లేని మిగతా ప్రయాణికులు రెండోది.

1998లో చిరంజీవి జూబ్లీహిల్స్‌లో బ్లడ్ బ్యాంక్ పెట్టారు. 2008లో ఎయిర్‌పోర్ట్ బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారింది. మద్రాసు పేరు చెన్నై అయింది. ఇండస్ట్రీ ఇక్కడికి ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే మనం స్టూడియోల పేర్లు, స్థలాల లెక్కలు చెబుతాం. ఈసారి నేను తిరుపతి దగ్గరి ఆ వరిపొలం గురించి కూడా చెబుతాను.