పాత కంప్యూటరు – మన తెలుగు వ్రాతలు

గ్రంథాలయమునకు ప్రాణము పుస్తకము. పుస్తకమునకు ప్రాణము చదువరి. చదువగలవాడు లేనినాడు ఎంత విలువగల వ్రాతయైనను మూగదగును. ఈ సత్యము మన చందూరు ప్రాంతమువారికి క్రొత్త కాదు. నిజాము ప్రభుత్వకాలమున ఉర్దూ రాజభాషగా నుండుటచే పాత పహాణీలు, సేత్వారు పత్రములు ఆ భాషలో వ్రాయబడినవి. నేడు భూమి తగవు వచ్చినచో ఆ కాగితమును చేతబట్టుకొని, చదివి చెప్పగల పెద్దకొరకు బోధనుకో నిజామాబాదుకో పోవలసివచ్చును. కాగితము చెడలేదు, సిరా మాయలేదు; చదువరియే కరవైనాడు.

ఇట్టి కరవే మన కన్నులయెదుట మరియొక రూపమున కలుగుచున్నది. 1990 ప్రాంతము మొదలుకొని సుమారు ఇరువది సంవత్సరములపాటు కంప్యూటరుపై కూర్చిన తెలుగు వ్రాతలలో అధికభాగము, నేటి యంత్రమున తెరచినచో తెలుగుగా కనబడదు. అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపుగా కనబడును. వానిని చదువుటకై మూలపడిన కంప్యూటరును దుమ్ము దులిపి, దానియందు విండోస్ 98, విండోస్ ఎక్స్‌పి వంటి కాలము చెల్లిన ఆపరేటింగు సిస్టమును మరల ఎక్కింపవలసివచ్చుచున్నది. చూచువారికి ఇది వెర్రివలె తోచును. కాని దీని చరిత్ర తెలిసినచో ఇదియును గ్రంథరక్షణమే యని బోధపడగలదు.

కంప్యూటరు అక్షరముల నెరుగదు, సంఖ్యలనే ఎరుగును. రోమను లిపిలోని మొదటి పెద్దక్షరమునకు 65, తరువాతిదానికి 66 అను ఒప్పందము ప్రపంచమంతట చెల్లుచున్నది. మన లిపులకు అట్టి ఒప్పందము ఆలస్యముగా కుదిరినది. కాన్పూరులోని ఐ.ఐ.టి.లో 1980ల దశాబ్దమున రూపొందిన 'జిస్ట్' విధానమును తరువాత పూనాలోని సి-డాక్ సంస్థ వ్యాప్తిలోనికి తెచ్చినది. 1991లో 'ఇస్కీ' అను సంకేతావళి భారతీయ ప్రమాణముగా వెలువడినది. ఆ సంవత్సరముననే యూనికోడు తొలి కూర్పు ప్రకటితమై, అందు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి.

ప్రమాణములు పుట్టినను అచ్చుకూర్పు దుకాణములు వానిననుసరింపలేదు. ఆ దుకాణములలో పేజ్‌మేకరు అను సాఫ్టువేరుదే రాజ్యము. దానికి తెలిసినవి 256 స్థానములు మాత్రమే. మన గుణింతములకు, వత్తులకు అవి చాలవు. కావున ఫాంటులు చేసినవారు అక్షరమును ముక్కలు చేసి, తలకట్టు ఒకచోట, వత్తు మరియొకచోట, ఆంగ్లాక్షరముల స్థానములలో కూర్చుండబెట్టిరి. 'అను' ఫాంటులు, 'శ్రీలిపి' మున్నగునవి ఈ విధముగా వ్యాప్తికి వచ్చినవి. కూర్పు అందముగా వచ్చినది. పుస్తకములు, కరపత్రములు, శుభలేఖలు సులువుగా వెలువడినవి. ఆ మేలును మరువరాదు. కాని ఎవరి స్థానక్రమము వారిదే యగుటచే, ఒకరి ఫాంటుతో వ్రాసినది మరియొకరి ఫాంటుతో చదువుటకు వీలులేకపోయినది. ఇల్లొకటియే, తాళములు మాత్రము వేరువేరు.

యూనికోడు పద్ధతి దీనికి భిన్నము. అందు అక్షరపు ఆకృతి గాక, అక్షరమే నిలువజేయబడును. క-కారము, పొల్లు, ష-కారము వరుసగా నిలిపినచో వానిని 'క్ష'గా కూర్చి చూపుట యంత్రము పని. 2001 అక్టోబరులో వెలువడిన విండోస్ ఎక్స్‌పి 'గౌతమి' అను తెలుగు ఫాంటుతో ఈ పనికి పూనుకొన్నది. అయితే పేజ్‌మేకరునకు యూనికోడు తెలియదు. ఆ సంవత్సరముననే వచ్చిన దాని ఏడవ కూర్పే కడపటిది. అచ్చుకూర్పువారు చిరకాలము పాతదారినే నడచిరి.

ఈ కాలము మన బోధను చెరకు ప్రాంతమునకు సామాన్యమైన కాలము కాదు. 1937లో శక్కర్‌నగరున వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు అప్పగింపబడి, 2015 డిసెంబరులో మూతపడినది. అట్టి కాలమున రైతుల వినతిపత్రములు, కార్మికుల కరపత్రములు, సంఘముల తీర్మానములు సహజముగా డి.టి.పి. దుకాణములలోనే కూర్చబడును. పంచిన కాగితములు చినిగిపోవును. మూలప్రతులు మాత్రము ఏ పాత డిస్కులోనో, ఫ్లాపీలోనో మిగిలియుండవచ్చును. వానిని చదువలేకపోయినచో, ఈ ప్రాంతపు కష్టసుఖములను ఈ ప్రాంతపువారి మాటలలో చెప్పు సాక్ష్యము మనకు దక్కదు.

నేటి యంత్రముననే పాత ఫాంటు పెట్టుకొనరాదా యని అడుగవచ్చును. కొన్ని వ్రాతలకు అది చాలును. కాని ఆ వ్రాతను తెరచుటకు పేజ్‌మేకరు వలయును. అది క్రొత్త వ్యవస్థలయందు సరిగా నడువకపోవచ్చును. కొన్ని కూర్పు సాఫ్టువేరులకు యంత్రము వెనుక ప్రింటరు తీగ తగిలించుచోట పెట్టవలసిన తాళపు బిళ్ళ కలదు. ఆ చోటే నేటి కంప్యూటరులలో లేదు. కావున పాత సాఫ్టువేరునకు పాత వ్యవస్థ, పాత వ్యవస్థకు పాత యంత్రము అవసరమగుచున్నవి.

ఈ పునఃప్రతిష్ఠలో మొదటి నియమము తొందరపడకుండుట. డిస్కును ఫార్మాటు చేసి వ్యవస్థను మరల ఎక్కించినచో, రక్షింపదలచిన వ్రాతలే తుడిచిపెట్టుకొనిపోవును. పాత డిస్కును ఊడదీసి, దానిలోనిదంతయు వేరొకచోట ప్రతిచేసి భద్రపరచిన పిమ్మటనే, మరియొక డిస్కుపై పని మొదలిడవలెను. విండోస్ 98 ఎక్కించుటకు దాని సి.డి.యు, బూటు ఫ్లాపీయు, ఇరువదియైదు అక్షరముల తాళసంఖ్యయు వలయును. దానికి 512 మెగాబైట్లకు మించిన జ్ఞాపకశక్తి పెట్టినచో తడబడును. పెన్‌డ్రైవును తనంతట తాను గుర్తింపదు. ఎక్స్‌పికి ఆ చిక్కులు తక్కువ. విండోస్ 98నకు 2006 జులైతోను, ఎక్స్‌పికి 2014 ఏప్రిలుతోను తయారీదారుల సంరక్షణ ముగిసినది. కావున ఇట్టి యంత్రమును ఇంటర్నెట్టునకు కలుపరాదు. గదిలోని పాత భోషాణమువలె దానిని విడిగానే ఉంచవలెను.

ఇది మనకొక్కరికే వచ్చిన కష్టము కాదు. ఇంగ్లండులో 1086లో వ్రాయబడిన డూమ్స్‌డే గ్రంథమునకు తొమ్మిదివందల యేండ్లు నిండిన సందర్భమున, 1986లో బి.బి.సి. సంస్థ దేశప్రజల సహాయమున నాటి జీవనవిశేషములను లేజరు డిస్కులపై నిక్షేపించినది. ఇరువది యేండ్లయినను గడువకముందే, వానిని చదువు యంత్రములు అరుదైపోయినవి. లీడ్సు, మిషిగను విశ్వవిద్యాలయములవారు క్రొత్త కంప్యూటరులోనే పాత కంప్యూటరును అనుకరించు ఉపాయముతో ఆ డిస్కులకు మరల నోరు తెప్పింపవలసివచ్చినది. తొమ్మిదివందల యేండ్ల తోలుగ్రంథము మాత్రము నేటికిని చదువబడుచున్నది.

పాత వ్యవస్థను నిలుపుట గమ్యము కాదు. అది వంతెన మాత్రమే. ఆ యంత్రమునకు నేటికిని ముసలితనమే, రేపు కదలకపోవచ్చును. అది కదలుచున్నప్పుడే వ్రాతలను యూనికోడులోనికి మార్చుకొనవలెను. మార్చు సాధనములు కలవు. కాని అవి వత్తుల వరుస తప్పించుట, ఒక అక్షరమునకు మరియొకటి చేర్చుట కలదు. అప్పుడు సరియైన పాఠమేదో చెప్పగల సాక్షి పాత యంత్రపు తెరయే. సి.పి. బ్రౌను దొర పండితులను కూర్చుండబెట్టి తాళపత్రప్రతులను ఒకదానితోనొకటి సరిపోల్చి శుద్ధప్రతులు వ్రాయించెను. రెండు తెరలను ప్రక్కప్రక్కన పెట్టుకొని నేడు చేయవలసిన పనియు అదియే. పరికరము మారినది, ఓర్పు మారలేదు.

మన గ్రామమున, పరిసర గ్రామములలో ఎవరియింట నైనను, ఏ దుకాణమున నైనను పాత కంప్యూటరో, ఫ్లాపీయో, సి.డి.యో ఉన్నచో, పాతసామానులవానికి తూకమున కమ్మక ముందు ఒక్కసారి గ్రంథాలయమునకు చూపవలెనని ప్రార్థన. చదివి మార్చిన ప్రతి వ్రాతకు కాగితముపై ఒక ప్రతియు, వేరువేరు చోట్ల రెండు నకళ్ళును ఉంచినచో భయము లేదు. ఇరువదియైదు సంవత్సరములు పుస్తకములను కాపాడిన గ్రంథాలయమునకు, కంటికి కనబడని ఈ పుస్తకములను గూడ కాపాడుట రాబోవు ఇరువదియైదు సంవత్సరముల కర్తవ్యమగును గాక!