అంచున రాసే మాట

ఇంటర్వ్యూను కాగితం మీదికి ఎక్కించాక, అందులోని ఒక్కొక్క సంగతికి పక్కన అంచున ఒక పేరు రాసుకోవడాన్ని సామాజిక శాస్త్రాల్లో కోడింగు అంటున్నారు. పైకి గుమాస్తా పనిలా కనబడుతుంది. ఆ పేరు ఎవరిది అన్నచోట తగాదా మొదలవుతుంది.

దీనికి శాస్త్ర ప్రతిపత్తి కల్పించినవారు అమెరికన్ సమాజ శాస్త్రజ్ఞులు బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్. 1960లలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆసుపత్రుల్లో, చావుకు దగ్గరైన రోగుల పట్ల సిబ్బంది ఎలా మెలుగుతున్నారో పరిశీలించారు. పడుచువాడని, చదువుకున్నవాడని, తల్లి పోతే పిల్లల గతేమిటని నర్సులు అనుకునే మాటలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చారు. వాటికి 'సామాజిక నష్టం' అని పేరు పెట్టారు. ఆ నష్టం పెద్దదనిపించిన కొద్దీ సేవలో శ్రద్ధ కూడా పెరుగుతున్నదని తేల్చారు. ప్రాణం పోయేచోట కూడా మనిషికి వెలకట్టే సమాజాన్ని ఆ రెండు మాటలు పట్టి ఇచ్చాయి. ఆ పేరు మాత్రం పరిశోధకులది. 'నిబ్బరం' నర్సులదే, రోగి కుటుంబం ఏడుస్తుంటే తమ నిబ్బరం చెదురుతుందని వారే చెప్పుకున్నారు. 1967లో వెలువడిన 'ది డిస్కవరీ ఆఫ్ గ్రౌండెడ్ థియరీ' రెండు రకాల పేర్లకూ చోటిచ్చింది.

నేర్చుకునేవారికి అందులో ఒక మంచి నియమముంది. ఒకే పేరు మూడు నాలుగుసార్లు రాశాక ఆగి, మనసులో మెదిలిన ఆలోచనను విడిగా రాసి పెట్టుకోవాలి. జవాబు పత్రాల అంచున ఎర్రసిరాతో పరుగులు తీసే మాబోటి పంతుళ్లకు ఆ ఆగడమే కష్టం!

1990లో స్ట్రాస్, జూలియట్ కార్బిన్‌తో కలిసి కోడింగును మెట్లు మెట్లుగా నేర్పే పుస్తకం రాశాడు. ఇది సమాచారం మీద చట్రాన్ని రుద్దడమేనని గ్లేజర్ 1992లో మరో పుస్తకం రాసి ఎదిరించాడు.

ఈ తగాదా మనకు పరాయిది కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' ప్రచురించింది. అది కోడింగు గ్రంథం కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోట చెప్పుకున్న చరిత్ర. ఆ కథనాల అంచున నా చేయి మొదట రాసే మాట 'వర్గ చైతన్యం'. తప్పనను. కాని బిడ్డను పరాయి చేతుల్లో పెట్టిన తల్లి మాట, పోరాటం విరమించాక ఇంటికి పొమ్మన్నారన్న మాట ఆ పేరు కింద ఇమడవు. అక్కడ 'త్యాగం' అని రాయబోతాం. అది ఆమె మాటో, సభల్లో మనం వాడి వాడి అరగదీసిందో తేలాలంటే ఆ కథనాన్ని మళ్ళీ మొదటినుంచి చదవాలి.