కరెంటు అడగని పంపు

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ పోయే రోడ్డులో ముప్పై కిలోమీటర్లు దాటితే ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు. గోల్కొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలం నాటిది. ఊరి పేరూ ఆయనదే. నిండితే దాదాపు 1,300 ఎకరాల్లో నీళ్లు పరుచుకుంటాయి. కానీ చుట్టుపక్కల కురిసే వాన ఒక్కదానితో ఇంత చెరువు నిండదు. అందుకే నిజాం ఏలుబడిలో, 19వ శతాబ్దంలో, ఫిరంగి నాలా తవ్వించారు. షాబాద్ మండలం చందనవెల్లి దగ్గర ఈసీ నది నీటిని మళ్లించి, శంషాబాద్ మీదుగా, దారిలో ఉన్న చెరువులనూ కుంటలనూ నింపుకుంటూ ఇక్కడిదాకా తెచ్చే కాలువ అది. నేల వాలును అడుగడుగునా కొలిచి తవ్విన ఆ పనితనం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అంత దూరం నీళ్లు రావడానికి ఒక్క యంత్రం కూడా అక్కర్లేకపోయింది.

తూము కింద ఉన్న పొలానికి చిక్కులేదు. నీరడి తూము తీస్తే నీళ్లు వాటంతటవే మడికొస్తాయి. కాలువకు ఎగువన, పది అడుగుల ఎత్తులో చెలక ఉన్నవాడి సంగతే వేరు. నీళ్లు కళ్లెదుటే పారుతుంటాయి, చేనుకు మాత్రం ఎక్కవు. అలాంటి చోట్ల యాతం వేసేవారు, బావి ఉంటే మోట కొట్టేవారు. మోటలో ఎడ్లు వాలుబాట మీద కిందికి దిగుతుంటే, వాటి బరువుకు తోలు బొక్కెన నీళ్లతో పైకొచ్చేది. ఈ వ్యాసంలో చెప్పబోయే పంపు చేసేదీ అచ్చం ఇదే పని. తేడా ఒక్కటే, ఇక్కడ ఎడ్ల బదులు కూడా నీళ్లే ఉంటాయి. ఎక్కువ నీరు కొద్ది ఎత్తు నుంచి కిందికి పడుతూ, కొద్ది నీటిని చాలా ఎత్తుకు తోస్తుంది. దీని పేరు హైడ్రాలిక్ రామ్. పల్లెల్లో పనిచేసే ఇంజినీర్లు ముద్దుగా ‘హైడ్రామ్’ అంటారు.

దీని పుట్టుక ఇంగ్లండ్‌లో. డెర్బీలో గడియారాలు చేసే జాన్ వైట్‌హర్స్ట్ 1772లో చెషైర్‌లోని ఔల్టన్‌లో మొదటిదాన్ని అమర్చాడు. వంటింట్లో ఎవరు కుళాయి తెరిచి మూసినా, గొట్టంలో పరుగుమీదున్న నీరు ఒక్కసారిగా ఆగి, ఆ అదురుకు కొంత నీరు 16 అడుగుల పైకి ఎక్కేది. కాకపోతే ప్రతిసారీ మనిషి చెయ్యి పడాల్సిందే. ఆ లోటు తీర్చినవాడు ఫ్రాన్సులో జోసెఫ్ మోంగోల్ఫియే. 1783లో తమ్ముడితో కలిసి వేడిగాలి బెలూన్‌ను ఎగరేసి లోకాన్ని నివ్వెరపరిచిన మనిషే ఆయన. 1796లో వొయిరాన్‌లోని తన కాగితం మిల్లుకు నీళ్లు ఎక్కించుకోవడానికి, దానంతటదే మూసుకుని తెరుచుకునే వాల్వు పెట్టాడు. మరుసటి ఏడాది ఆయన తరఫున ఇంగ్లండ్‌లో పేటెంటు తీసుకున్నది మాథ్యూ బౌల్టన్, ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్‌కు భాగస్వామి. ఆ తర్వాత 1816లో మోంగోల్ఫియే కొడుకు గాలి పీల్చే చిన్న రంధ్రాన్ని చేర్చాడు. చూడ్డానికి అల్పంగా కనిపించే ఆ రంధ్రం ఎంత ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే కుళాయిని ఠక్కున కట్టేస్తే, గోడలోని గొట్టం ‘దబ్’మని అదరడం అందరూ వినే ఉంటారు. ఆ అదురే ఈ పంపుకు ప్రాణం. ఎత్తు మీది నుంచి ఒక ఇనుప గొట్టం పంపులోకి దిగుతుంది. మొదట నీరంతా వృథా వాల్వు గుండా బయటికి పోతుంటుంది. వేగం పెరిగేకొద్దీ ఆ నీరే వాల్వును ఈడ్చి మూసేస్తుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీరు ఉక్కు గొట్టంలో రెప్పపాటులో ఆగిపోతే, లెక్క ప్రకారం 100 మీటర్ల లోతు నీటి అడుగున ఉన్నంత ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడికి రెండో వాల్వు తెరుచుకుని, కొన్ని గుక్కల నీరు గాలి గదిలోకి దూరుతుంది. గదిలో నొక్కుకుపోయిన గాలి ఆ నీటిని పైకి పోయే గొట్టంలోకి నెమ్మదిగా నెడుతుంది. ఒత్తిడి తగ్గగానే రెండో వాల్వు మూసుకుంటుంది, వృథా వాల్వు తన బరువుకు తెరుచుకుంటుంది. మళ్లీ మొదలు. నిమిషానికి నలభై నుంచి తొంభై సార్లు, పగలూ రాత్రీ, టక్ టక్ మంటూనే ఉంటుంది.

ఎంత నీరు ఎక్కుతుందో రైతు వేళ్ల మీద లెక్కేసుకోవచ్చు. నిమిషానికి 60 లీటర్ల ధార రెండు మీటర్ల కిందికి పడుతోంది, దాన్ని 12 మీటర్ల పైకి పంపాలి అనుకుందాం. అరవైని రెండుతో హెచ్చించి పన్నెండుతో భాగిస్తే పది. నష్టాలు పోను అందులో నూటికి అరవై పాళ్లు దక్కుతాయి. అంటే నిమిషానికి ఆరు లీటర్లు, రోజుకు 8,640 లీటర్లు. కూరగాయల మడికి, పశువుల తొట్టికి ఇది తక్కువేమీ కాదు. మిగతా నీరు కాలువలోకే పోతుంది, దిగువ పొలాలకు అందుతుంది.

కరెంటు అడగదు, డీజిల్ అడగదు. కానీ ఆలనాపాలనా అడుగుతుంది. దీన్ని చెప్పకుండా ఈ పంపును పొగడటం రైతును మోసం చేయడమే. గొట్టం మూతికి కట్టిన జాలీలో ఆకులూ నాచూ పేరుకుంటే ధార సన్నబడి వాల్వు మూసుకోవడం మానేస్తుంది. అందుకే రెండు మూడు రోజులకోసారి జాలీ దులపాలి. ఇసుక దూరితే వాల్వు రబ్బరు అరుగుతుంది, దాన్ని మార్చుకోవాలి. అదురుకు బోల్టులు వదులవుతాయి, అప్పుడప్పుడు పానా పట్టాలి. పంపును కాంక్రీటు దిమ్మెకు గట్టిగా బిగించకపోతే గొట్టం అతుకులే ఊడొస్తాయి. పడే గొట్టం ప్లాస్టిక్‌ది వేస్తే అది సాగి దెబ్బను మింగేస్తుంది, ఇనుపదే వేయాలి.

ఇక ఆ చిన్న రంధ్రం. గాలి గదిలోని గాలి కొంచెం కొంచెంగా నీటిలో కరిగి పోతుంటుంది. ప్రతి దెబ్బ చివరా ఆ రంధ్రం కాస్త గాలిని పీల్చి లోటు పూడుస్తుంది. బురదతో అది పూడుకుపోతే గది నీటితో నిండుతుంది. అప్పుడు టక్ టక్ కాస్తా ఇనుము మీద సుత్తితో కొట్టినట్టు మోగుతుంది. ఆ చప్పుడు వినగానే పంపు ఆపి, గదిలో నీరు వంచేసి, సన్నని తీగతో రంధ్రం పొడిచి, వృథా వాల్వును చేత్తో పదిసార్లు నొక్కి వదిలితే మళ్లీ అందుకుంటుంది. అలవాటైన చెవికి పంపు బాగోగులు దూరం నుంచే తెలిసిపోతాయి.

ఇది ఇబ్రహీంపట్నంలో ఎందుకు పాదుకోలేదు? బోరుబావికి ఇది పనికిరాదు. లోతు నుంచి తోడదు, పారే నీటినే ఎత్తుతుంది. ఇక్కడి సేద్యం బోర్ల మీదికి మళ్లింది. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు, 2018 జనవరి నుంచి 24 గంటల సరఫరా ఉన్నాక, స్టార్టర్ బటన్ నొక్కితే సరిపోయే పనికి దిమ్మె ఎవరు కడతారు? రైతును తప్పు పట్టలేం. అయితే బోరులో నీళ్లుండాలంటే చెరువు నిండాలి, చెరువు నిండాలంటే నాలా పారాలి. ఆ నాలా చాలాచోట్ల పూడి, ఆక్రమణలతో ఇరుకైపోయింది. 2022లో ఎన్నో ఏళ్ల తర్వాత చెరువు అలుగు పారినప్పుడు ఇక్కడి జనానికి అది పండగే అయింది. నా మటుకు నాకు ఈ పంపు కన్నా ముందు నాలా పూడిక తీయడమే కావాలి.

అది జరిగిన ఏడాది, తూము పక్కన ఎత్తు చెలక ఉన్నవాళ్లు ఒక్కరైనా దీన్ని బిగించి చూడాలి. జీఐ పైపులు, టీ జాయింటు, నాన్‌రిటర్న్ వాల్వు, గాలి గదికి మందపాటి గొట్టం ఉంటే మంచి వెల్డర్ చేసి పెడతాడు. తూము తీయకముందే దిమ్మె ఆరి, గొట్టం బిగిసి ఉండాలి. చెరువు తగ్గేకొద్దీ నీరు పడే ఎత్తూ తగ్గుతుంది కాబట్టి, పంట సగానికొచ్చే వేళకు వృథా వాల్వు బరువు కాస్త తగ్గించి మళ్లీ సరిచేసుకోవాల్సి ఉంటుంది.