పాలు మోసేటాయనకు నేర్పింది ఎవరు?

ఇయ్యాల పోస్టు కొంచెం పెద్దగున్నది, ఓపికతోని చదువుండ్రి.

పోయిన ఎండకాలం మా ఊరి పాలు విరిగి వాపస్ వచ్చినయి. అందరి పాలు ఒక్క క్యాన్ల కలిసినంక తప్పు ఎవరిదో ఎట్ల తేలుతది? క్యాన్లు మోసే తమ్మున్ని అందరం తిట్టినం, నేను కూడ తిట్టిన. ఇంటికచ్చినంక ఆలోచన పడ్డది: ఆయనకు ఈ పని నేర్పింది ఎవరు?

చట్టాలు ఎట్ల వచ్చినయో చూస్తే సంగతి తెలుస్తది. 1954ల ఆహార కల్తీ నిరోధక చట్టం వచ్చింది. పాలల్ల నీళ్లు కలిపితే పట్టుకునుడు గూడ దాని పనే. 1970ల ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది, ఊరి పాలు పట్నం దారి పట్టినయి. 1992ల కేంద్రం పాల ఉత్తర్వు తెచ్చింది. అది రోజుకు 10 వేల లీటర్లు దాటిన పెద్ద డెయిరీల కోసం. సైకిలు మీద, బండి మీద క్యాన్లు కట్టుకొని పోయేటాయన ఆ లెక్కల లేడు.

2006 ఆహార భద్రత చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమలైంది. అప్పటి నిబంధనలల్ల రోజుకు 500 లీటర్ల దాక సేకరించేటోళ్లకు రిజిస్ట్రేషన్, ఏడాదికి 100 రూపాయలు ఉండె. అది దాటితే లైసెన్సు. సహకార సంఘం సభ్యుడై పాలన్నీ సంఘానికే పోసే రైతుకు రిజిస్ట్రేషన్ అక్కర లేదు. బాగనే ఉన్నది. కానీ రిజిస్ట్రేషన్‌కు పరీక్ష లేదు, దరఖాస్తు పెడితే కాగితం వస్తది. ఫోస్టాక్ అని 2017ల కేంద్రం శిక్షణ మొదలు పెట్టింది గని, మా ఊరి పాల బండి దాక అది రాలే.

అమెరికాల రైతు దగ్గర పాలు ఎత్తుకునే ట్యాంకరాయనకు శిక్షణ, పర్మిట్ రెండూ ఉండాలె. రెండేండ్లకొకసారి ఆయన పని చూసి పోతరు. ఎందుకంటే పాల వాసన చూసేది, వేడి చూసేది, కొలిచేది, శాంపిల్ తీసేది ఆయననే. రైతు పైసలు ఆ శాంపిల్ మీదనే.

మన దగ్గర గూడ గంతే కదా! పాలు బాగ కలపకుండ పైపైన తీస్తే వెన్న ఎక్కువ వస్తది, అడుగున తీస్తే తక్కువ వస్తది. ఆదిలాబాద్ దిక్కు ఊర్లు దూరం దూరం. పాలు 4 డిగ్రీలకు చల్లబడే దాక క్రిములు పెరుగుతనే ఉంటయి. ఎండల గంట ఆలస్యమైతే బర్రెకు పెట్టిన దాణా, పిండిన కష్టం అంత నీళ్ల పాలే.

గందుకే అంటున్న: ఆయన్ను తిట్టుడు కాదు, ఆయనకు నేర్పియ్యుమని అడుగుదాం. క్యాన్ కడుగుడు, పాలు కలిపి శాంపిల్ తీసుడు, నీడల పెట్టుడు, టైముకు చేర్చుడు. రెండు దినాల పని. వచ్చే ఎండకాలం లోపట మీ కేంద్రంల ఈ మాట ఎత్తుండ్రి. మీ ఊర్ల ఎట్లున్నదో కింద రాయుండ్రి.