గేర్‌బాక్సు ముందు, ఒప్పందం తర్వాత

1977లో అయిదు ఆగ్నేయాసియా దేశాలు ఒకరి సరుకు మీద మరొకరు దిగుమతి సుంకం తగ్గించుకోవాలని ఒప్పందం రాసుకున్నాయి. ఏయే సరుకుకు రాయితీ ఇవ్వాలో ప్రతి దేశమూ జాబితా తయారు చేసింది. ఏడాదికేడాది జాబితాలు పొడుగయ్యాయి, సరుకుల సంఖ్య వేలకు చేరింది. వాటిలో రోడ్ల మీద మంచు తొలగించే యంత్రాలూ అణు రియాక్టర్లూ ఉన్నాయని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. భూమధ్యరేఖ చుట్టుపక్కల దేశాలకు మంచు యంత్రాలతో పనేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ జాబితా రాసిన అధికారి అమాయకుడేమీ కాదు. పైవాళ్లకు సంఖ్య చూపించాలి, సొంత దేశపు పరిశ్రమకు మాత్రం చీమ కుట్టకూడదు. పొరుగువాడు తయారు చేయనిది, మనవాడు కొననిది ఏదో ఒకటి వెతికి రాస్తే రెండూ నెరవేరుతాయి. ఈ దేశాల కూటమి ఆసియాన్ ఆర్థిక చరిత్రను శిఖరాగ్ర సమావేశాల తేదీల వరసగా చెప్పడం ఆనవాయితీ. ఆ తేదీల వెంటే పోతే అసలు సంగతి చేజారుతుంది. ప్రభుత్వాలు తాముగా గీసిన సహకార పథకాలు దాదాపు అన్నీ తేలిపోయాయి. కర్మాగారాలు సరిహద్దులు దాటి అల్లుకున్న తర్వాతే ఆ అల్లికకు తగ్గట్టు ఒప్పందాలు వచ్చాయి.

మొదట్లో వ్యాపారం అవసరమే లేదనాలి. 1967 ఆగస్టు 8న బ్యాంకాక్‌లో ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్, సింగపూర్, థాయిలాండ్ ప్రతినిధులు సంతకాలు చేసిన ఆసియాన్ స్థాపన ప్రకటనలో ఆర్థికాభివృద్ధి మాట ముందే ఉంది. అయితే వాళ్లను ఒక చోట కూర్చోబెట్టింది భయం. మలేషియా మీద ఇండోనేషియా నడిపిన కయ్యం ముగిసి ఏడాదే అయింది. సబా ప్రాంతం మాదంటే మాదని ఫిలిప్పీన్స్, మలేషియా వాదులాడుకుంటున్నాయి. సింగపూర్ మలేషియా నుంచి విడిపోయి రెండేళ్లు. పక్కనే వియత్నాం తగలబడుతోంది. ఇలాంటి ఇరుగుపొరుగు ముందు కోరుకునేది ఒకరి మీద ఒకరు చెయ్యి చేసుకోకుండా ఉండటమే. పైగా ఒకరికొకరు అమ్ముకునేందుకు వాళ్ల దగ్గర ఉన్నదేమిటి? రబ్బరు, తగరం, కలప, కొబ్బరి: ఇంచుమించు అందరివీ అవే పంటలు, అవే గనులు. కొనేవాళ్లు యూరప్‌లో, అమెరికాలో, జపాన్‌లో ఉన్నారు. సింగపూర్ రేవు మీదుగా సాగే బేరం తప్పిస్తే ఇంటిపక్క వ్యాపారం నామమాత్రమే.

1975లో సైగాన్ పడిపోయాక, మరుసటి ఏడాది బాలిలో తొలి శిఖరాగ్ర సమావేశం జరిగింది. ఆ ఊపులోనే దేశానికో పెద్ద కర్మాగారం చొప్పున పంచుకోవాలన్న పథకం ఖాయమైంది. ఇండోనేషియాకూ మలేషియాకూ యూరియా, ఫిలిప్పీన్స్‌కు ఫాస్ఫేట్ ఎరువు, థాయిలాండ్‌కు సోడా యాష్, సింగపూర్‌కు డీజిల్ ఇంజన్లు. కర్మాగారం ఉన్న దేశానికి 60 శాతం వాటా, మిగతా నలుగురికీ కలిపి 40. వచ్చిన సరుకుకు అయిదు దేశాల మార్కెట్టూ తెరిచి ఉంటుంది. 1977లో జపాన్ ప్రధాని ఫుకుదా వంద కోట్ల డాలర్ల సాయం ప్రకటించాడు. కాగితం మీద ఇంతకన్నా చక్కటి పంపకం ఉండదు. కానీ డీజిల్ ఇంజన్లు తామూ చేసుకోవాలనుకుంటున్న ఇండోనేషియా సింగపూర్ వాటాకు అడ్డు చెప్పింది. సింగపూర్ ఆ ఆలోచనే మానుకుని, ఇతరుల కర్మాగారాల్లో పేరుకు ఒక్క శాతం వాటా పెట్టి పక్కకు తప్పుకుంది. ఫిలిప్పీన్స్ తన పథకాన్ని ఒకటికి రెండుసార్లు మార్చింది. థాయిలాండ్ సోడా యాష్ లెక్క తేలనే లేదు. చివరికి నిలబడినవి ఇండోనేషియాలోని ఆచేలోనూ మలేషియాలోని బింటులులోనూ కట్టిన రెండు యూరియా కర్మాగారాలు. అవి రెండూ సహజవాయువు దండిగా ఉన్న చోట్లు. ఆసియాన్ పేరు లేకపోయినా అక్కడ యూరియా కర్మాగారం వచ్చేదేనేమో. పంచేవాడు ఎంత న్యాయంగా పంచినా, ఎవరికి వారు అన్నీ తమ ఇంట్లోనే తయారు కావాలనుకునే కాలంలో ఆ పంపకం చెల్లదు.

మలుపు తిరిగింది ఆగ్నేయాసియాలో కాదు, న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో. 1985 సెప్టెంబరులో అక్కడ అయిదు సంపన్న దేశాల ఆర్థిక మంత్రులు డాలరు విలువ దించాలని కుదుర్చుకున్నారు. డాలరుకు 240 చిల్లరగా ఉన్న యెన్ ఏడాది తిరిగేసరికి 150ల్లోకి వచ్చింది. జపాన్‌లో చేసి అమెరికాకు అమ్మడం గిట్టుబాటు కాక కంపెనీలు థాయిలాండ్‌కూ మలేషియాకూ తరలాయి. కార్ల కంపెనీలకు అక్కడో చిక్కు ఎదురైంది. ప్రతి దేశమూ మా గడ్డ మీదే విడిభాగాలు చేయాలంటుంది, ఏ ఒక్క దేశంలోనూ గేర్‌బాక్సుల కర్మాగారాన్ని పోషించేటన్ని కార్లు అమ్ముడుపోవు. అందుకే మిత్సుబిషి ఒక ప్రతిపాదన తెచ్చింది: ఒకే బ్రాండు కార్లకు వాడే భాగాలు ఒక సభ్య దేశం నుంచి మరో దేశానికి వెళ్తే సుంకం సగానికి తగ్గించండి, వాటిని స్థానిక సరుకుగానే లెక్కించండి. 1988లో థాయిలాండ్, మలేషియా, ఫిలిప్పీన్స్ దీనికి ఒప్పుకున్నాయి. టయోటా డీజిల్ ఇంజన్లను థాయిలాండ్‌లో, గేర్‌బాక్సులను ఫిలిప్పీన్స్‌లో, స్టీరింగ్ గేర్లను మలేషియాలో చేయించి ఒక చోటి నుంచి మరో చోటికి పంపడం మొదలుపెట్టింది. మొదట దూరంగా నిలిచిన ఇండోనేషియా కూడా తర్వాత వచ్చి చేరి పెట్రోలు ఇంజన్ల పని తీసుకుంది. చిత్రమేమంటే, ఇది పన్నెండేళ్ల కిందట బాలిలో మంత్రులు కలగన్న పంపకమే. దేశానికో వస్తువు, అందరికీ మార్కెట్టు. అప్పుడు ఇంజను ఎవరికన్న దగ్గరే తగువు వచ్చింది. ఇప్పుడు లాభనష్టాల భారం ఒకే కంపెనీది కాబట్టి, ఆ ప్రశ్న టోక్యోలోని కార్యాలయంలోనే తేలిపోయింది.

ఈ నేపథ్యంలో చూస్తేనే 1992 జనవరిలో సింగపూర్‌లో కుదిరిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అర్థమవుతుంది. థాయ్ ప్రధాని ఆనంద్ పన్యారచున్ ముందుకు తెచ్చిన ఆలోచన అది. పదిహేనేళ్లలో సుంకాలను 5 శాతంలోపుకు దించాలన్నారు. తర్వాత గడువును 2003కూ, పాత సభ్యులకు 2002కూ ముందుకు జరిపారు. పదిహేనేళ్లు మంచు యంత్రాలతో కాలక్షేపం చేసిన ప్రభుత్వాలకు ఇంత తొందర ఎందుకొచ్చింది? యూరప్ ఒకే మార్కెట్టు అవుతోంది, ఉత్తర అమెరికా అదే బాటలో ఉంది, చైనా తలుపులు బార్లా తెరుస్తోంది. పెట్టుబడులు అటు మళ్లుతాయన్న బెంగ. పైగా తమ దేశంలోని కర్మాగారం నిలవాలంటే పొరుగుదేశపు విడిభాగం చవగ్గా రావాలని ప్రతి ప్రభుత్వమూ గ్రహించింది. సొంత బ్రాండు ప్రోటాన్‌ను కాపాడుకోవలసిన మలేషియా మాత్రం కార్లకు 2005 దాకా మినహాయింపు తీసుకుంది. సుంకాలు తగ్గాక కూడా చాలామంది ఎగుమతిదారులు ఆ రాయితీ కోసం నింపాల్సిన పత్రం నింపలేదు. చాలా ఎలక్ట్రానిక్స్ సరుకుల మీద సుంకం ఎలాగూ చాలా దేశాల్లో సున్నాకు వచ్చేసింది. ఒప్పందం వెనకబడి నడిచిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇంత చేసినా సభ్య దేశాల మధ్య వ్యాపారం వాళ్ల మొత్తం విదేశీ వ్యాపారంలో నాలుగో వంతు దగ్గరే ఆగిపోయింది, ఇటీవల 22 శాతం చుట్టుపక్కల ఉంది. యూరప్ సమాఖ్యలో అది సగానికి పైనే. ఇది వైఫల్యం కాక మరేమిటని అడిగేవాళ్లున్నారు. నాకు ఈ కొలబద్దే తప్పనిపిస్తుంది. జర్మనీ కారును ఫ్రాన్స్ కొంటుంది. ఇక్కడ ముగ్గురు నలుగురు కలిసి చేసినదాన్ని అమెరికా, జపాన్, చైనా కొంటాయి. ఆఖరి సరుకు బయటకే పోయేటప్పుడు లోపలి వాటా ఎక్కువ కనబడదు. ముడి ఎంత గట్టిదో తెలియాలంటే అది తెగిన రోజు చూడాలి. 2011 చివర్లో వరదలు థాయిలాండ్‌లోని అయుత్థయ దగ్గరి పారిశ్రామిక వాడలను ముంచాయి. థాయ్ విడిభాగాలు అందక టయోటా ఇండోనేషియాలో, ఫిలిప్పీన్స్‌లో, వియత్నాంలో ఉత్పత్తి తగ్గించుకోవలసి వచ్చింది. ఒక దేశంలో నీళ్లు వస్తే మూడు దేశాల్లో పని మందగించింది.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. అంతా కంపెనీలే చేస్తే ఆసియాన్ చేసిందేమిటి? మన వైపు చూస్తే జవాబు దొరుకుతుంది. 1985లో పుట్టిన దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌కు 2006 నుంచి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉంది. అయినా లోపలి వ్యాపారం అయిదు శాతం దగ్గరే ఉండిపోయింది, 2014 తర్వాత శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. లాహోర్‌లో గేర్‌బాక్సు చేసి చెన్నైలో బిగించే ఆలోచన ఏ కంపెనీకీ రాదు. జకార్తా, కౌలాలంపూర్, సింగపూర్ పాత కక్షలను పక్కనపెట్టి, సరిహద్దు రేపు మూసుకుపోదన్న నమ్మకాన్ని కంపెనీలకు ఇవ్వగలిగాయి. ఇండోనేషియా అంత పెద్ద దేశం పెత్తనానికి పోకపోవడం అందులో సగం బలం. కర్మాగారాలను మంత్రులు నడపలేకపోయారు కానీ అవి నిలబడే నేలను సిద్ధం చేశారు.

కంపెనీకి పని లేని చోట మాత్రం ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది. బియ్యం అలాంటిది. 1979 ఒప్పందంతో ఆపత్కాలం కోసం 50 వేల టన్నుల ఉమ్మడి నిల్వ పెట్టుకున్నారు. కోట్ల నోళ్లకు అది ఏ మూలకు? 2007–08లో భారత్, వియత్నాం ఎగుమతులు బిగించి ధరలు మండినప్పుడు ఫిలిప్పీన్స్ ఆ నిల్వను నమ్ముకోలేదు, నేరుగా వియత్నాం ప్రభుత్వంతో బేరం కుదుర్చుకుంది. తగువులు తీర్చుకోవడం కూడా అంతే. ఆసియాన్‌కు వివాదాల పరిష్కార విధానం కాగితం మీద ఉంది. అయినా 2008లో సిగరెట్ల మీద థాయ్ పన్నుల గురించి ఫిలిప్పీన్స్ ఫిర్యాదు చేసింది జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థకు. ఇంటి పెద్ద ముందు తగువు పెట్టుకుంటే మొహమాటం, పరాయి కోర్టులో అయితే తీర్పు వస్తుంది.

మంత్రులు సిద్ధం చేసిన ఆ నేల కదిలితే ఏమవుతుందో 2025లో తెలిసింది. జూన్ నుంచే థాయిలాండ్, కంబోడియా మధ్య సరిహద్దు దారులు మూతపడసాగాయి. జూలై 24న కాల్పులు మొదలయ్యాయి, అయిదు రోజులకు మలేషియా మధ్యవర్తిత్వంతో ఆగాయి, డిసెంబరులో మళ్లీ రాజుకున్నాయి. కంబోడియా వైపు సరిహద్దు పట్టణం పాయ్‌పెట్‌లో, థాయ్ కూలి ఖరీదైపోయిందని జపాన్ కంపెనీలు పెట్టుకున్న విడిభాగాల కర్మాగారాలున్నాయి. వాటి సరుకు లారీ ఎక్కితే గంటల్లో థాయ్ కార్ల వాడలకు చేరేది. దారి మూసుకున్నాక ఆ విడిభాగాలకు సముద్రం మీదుగా చుట్టు దారులు వెతుక్కోవలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 26న కౌలాలంపూర్‌లో తైమూర్-లెస్టే పదకొండో సభ్యదేశంగా చేరింది. థాయ్, కంబోడియా ప్రధానులు శాంతి ప్రకటన మీద సంతకాలు చేసినదీ ఆ ఊళ్లోనే, ఆ రోజే.