ఆరు తులాల తక్కువ

ఆ మొద్దు జెర లోపలికి తొయ్యి బిడ్డా, పొగ నా దిక్కే వస్తున్నది. ఇగ కూసో. ఏందది చేతుల, సర్టిఫికెట్టా? ఇటు తే, అద్దాలు పెట్టుకోనీ. నాయకత్వ శిక్షణ, రెండు దినాలు. బంగారు అంచు సుత కొట్టిచ్చిన్రే! ఏం నేర్పిన్రు? మైకు మూతికి ఎంత దూరం పెట్టాలె, చేతులు ఎట్ల ఊపాలె, ఎదుటోల్ల కండ్లల్లకు ఎట్ల చూడాలె... మంచిదే. మాకు గది సుత చెప్పినోల్లు లేరు. నాకు రాజకీయం నేర్పింది కందిపప్పు. నవ్వకు, చెప్త విను.

1966 అది. నేను డిగ్రీ రెండో ఏడు. పట్నంల హాస్టల్ల ఉంటున్న. ఏ హాస్టలంటే, పేరెందుకులే ఇప్పుడు. అరవై మందిమి ఆడపిల్లలం. నెల ఖర్చంత లెక్కగట్టి తలలకు పంచుతరు. నెలకో పిల్లను మెస్సు సెక్రటరీ అని పెడతరు, పేరుకే. పొద్దుగాల్నే లేచి సామాన్ల అర్ర తాళం తియ్యాలె, వంటామె తూకం వేసుకుంటుంటే పక్కన నిలబడి పుస్తకంల రాయాలె. చలికాలంల ఎవరికి పట్టింది? అందరు తప్పించుకునేటోల్లే. నేను పల్లెటూరి నుంచి వచ్చినదాన్ని, కాదనుడు రాదు. ఓటు లేదు గీటు లేదు, నా నెత్తిన పడ్డది.

ఒక దినం అర్ర ఊడుద్దామని తరాజు పక్కకు జరిపి, కిలో రాయి చేతుల పట్టుకున్న. తేడా కొట్టింది. మన ఇంట్ల ఎన్ని తూకాలు చూసిన్నో చిన్నప్పటి సంది! 1962 నాటికి కిలోలే వాడాలె అని సర్కారు ఖచ్చితం చేసింది గాని, మా నాయిన పాత సేరు రాయిని పారెయ్యలే, తలుపుకు అడ్డంగా పెట్టుకున్నడు. నేను దాన్ని రోజు జరుపుతుంటి. హాస్టల్ల ఉన్నది అదే బరువు. మీద తెల్ల రంగుతోని "1" అని రాసి ఉన్నది, అంతే.

ఆ రాయిని టిఫిన్ డబ్బల పెట్టుకోని, పైన రుమాలు కప్పుకోని సుల్తాన్ బజార్ల ఒక కిరాణం సేటు దగ్గరికి పోయిన. ఆయన ఒక పల్లెంల మా రాయి, ఇంకో పల్లెంల తన కిలో రాయి పెట్టిండు. మాది గాలిల లేచింది. నవ్వుకుంట మా దిక్కు పల్లెంల కందిపప్పు పోసుడు వెట్టిండు. గుప్పెడు పోసినంక ముల్లు నడుమకొచ్చింది. "పాత సేరు గదమ్మా ఇది, ఎనభై తులాలది" అన్నడు. కిలోకు ఆరు తులాలకు కొంచెం తక్కువ, గంత పోతున్నదన్న మాట. బిల్లు కిలోలల్ల, సరుకు సేర్లల్ల. పప్పు, చక్కెర, చింతపండు, మిరపకాయ అన్నీ గా రాయితోనే దిగుతున్నయి. ఎన్నేండ్ల సంది అట్ల నడిచిందో దేవునికెరుక.

ఇగ నా తెలివి చూడు. మాపటికి భోజనాల కాడ లేచి నిలబడి "దొంగలు, అందరు దొంగలు" అని ఒర్రిన. పొద్దుగాల వార్డెనమ్మ పిలిచి ఒక్కటే అడిగింది, ఎవరు దొంగ, పేరు చెప్పు అని. నా దగ్గర పేరు ఏడుంది? సరుకు తెచ్చెటోడా, వంటామెనా, లేకపోతే ఎవ్వరు కాదా, పాత రాయిని మార్చుడు మరిచిపోయిన్రా? నోట మాట రాలే. ఏడుసుకుంట అర్రకొచ్చిన.

మా పక్క అర్రల లా చదివే అక్క ఉండె. పొద్దు మీకినంక వచ్చి మంచం మీద కూసోని, "ఎవరు దొంగ అనే ముచ్చట ఇడిసిపెట్టు. రేపటి సంది నీకు ఏం కావాలె, గది కాయితం మీద పెట్టు" అన్నది. నేను రెండు పేజీలు రాసిన. చింపింది. ఒక పేజీ రాసిన. గది సుత చింపింది. ఆఖరుకు మూడు మాటలు మిగిలినయి: కొత్త కిలో రాళ్లు కొనాలె, సరుకు దిగేటప్పుడు ఇద్దరు పిల్లలు ఉండాలె, లెక్కల పుస్తకం అందరు చూసేటట్టు బయట పెట్టాలె. తీర్మానం అంటే గదేనని నాకు గా రాత్రి తెల్సింది.

ఇగ సంతకాలు. అర్ర అర్రకు తిరిగిన. అన్నం కాడ చప్పట్లు కొట్టిన పిల్లలే కలం పట్టుమంటే "రేపు రా" అన్నరు. ఒకామె తండ్రి సర్కారు నౌకరి అని భయపడ్డది. ఇంకొకామె సంతకం పెట్టను గాని అని సిరా బుడ్డి ఇచ్చింది! ఐదు దినాలల్ల నలభై మూడు పడ్డయి. చప్పట్లకు, సంతకాలకు నడుమ ఎంత దూరముందో అప్పుడు చూసిన.

అంతల మా నాయినకు ఉత్తరం పోయింది, మీ బిడ్డ గొడవలు పెడుతున్నదని. చదువు బంద్ పెట్టిస్తడని నా పాణం పోయినంత పనయింది. పొద్దుగాల రైలుకు దిగిండు, ధోతి మీద గొంగడి. వార్డెనమ్మ చెప్పిందంత విని ఊకున్నడు. అంత అయినంక రాయి ఏదని అడిగిండు. అరచేతిల పెట్టుకోని ఒక్కసారి పైకి కిందికి ఊపి నవ్విండు. భువనగిరి అంగట్ల పల్లికాయ తూకంల యాభై ఏండ్లు మోసపోయిన మనిషి బిడ్డా ఆయన. "ఇది మా తలుపు కాడి రాయే గదమ్మా" అన్నడు. వార్డెనమ్మకు మాట రాలే.

నెల తిరిగే వరకు కొత్త రాళ్లు వచ్చినయి. తలకు రెండు రూపాయల దాకా తగ్గింది. రెండు రూపాయలంటే అప్పుడు తక్కువ పైసలు గావు.

మా ముందటోల్లవి ఇంకా పెద్ద కష్టాలు. 1930ల జోగిపేటల మొదటి ఆంధ్ర మహాసభ జరిగితే, దాంతోనే ఆడోల్ల సభ సుత జరిగింది, నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. నిజాం రాజ్యంల తెలుగోల్లు సభ పెట్టుకునుడే కష్టమయిన దినాలవి. మన ఆలేరుకు 1952ల ఆరుట్ల కమలాదేవి గెలిచింది. పెండ్లయినంక పట్నం పోయి చదువుకున్న మనిషి, సాయుధ పోరాటంల దళంల పనిచేసింది, 1957ల, 1962ల మల్ల గెలిచింది. మా అమ్మ ఓటేసి వచ్చి ఎవరికేసిందో మా నాయినకు చెప్పలేదట. చచ్చేదాంక చెప్పలే!

దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముచ్చట తెలుసునా? విశాఖల బీఏ చదువుతనంటే ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నరు. ఆమె ఏడవలే నా లెక్క. తోటి పిల్లలను కూడగట్టి తనే హాస్టల్ నడిపించింది. రాజ్యాంగ సభల పదిహేను మంది ఆడోల్లుంటే అందుల ఈమె ఒకతె. ఈశ్వరీబాయి ఎల్లారెడ్డి నుంచి 1967ల అసెంబ్లీకి పోయింది గాని, మొదలు చిలకలగూడ వార్డు మెంబరు. వార్డంటే ఏంది? నల్లా నీళ్లు, మోరీలు, దీపాలు. సదాలక్ష్మి సఫాయి పనిచేసే కులంల పుట్టి అసెంబ్లీల డిప్యూటీ స్పీకర్ కుర్చీ దాంక పోయింది. ఆమె ఎక్కిన మెట్లల్ల మనం సగం సుత ఎక్కం.

69ల తెలంగాణ కొట్లాట, గదొక రాత్రి ముచ్చట, ఇంకో దినం చెప్త.

1995ల పంచాయతీ ఎలక్షన్లల్ల మూడోవంతు సీట్లు ఆడోల్లకు వచ్చినయి. నేను టీచరుగ ఉన్న. నా దగ్గర చదివిన పిల్ల ఒకతె సర్పంచ్ అయింది, ఇంటర్ దాంక చదివింది. మూడు నెలలకు చీకటి పడ్డంక మా ఇంటికొచ్చింది. కుర్చీల మొగడు కూసుంటున్నడు, తనను చాయ పెట్టమంటున్నరు. నేను ఒక్కటే అడిగిన, తీర్మానాల పుస్తకం ఏడున్నది అని. ఆయన బీరువల ఉన్నదన్నది. "ముందు గది తెచ్చుకో, కుర్చీ తర్వాత చూద్దాం" అన్న. నెల పట్టింది ఆమెకు, ఇంట్ల ఎంత లడాయి అయిందో నాకు పూర్తిగ చెప్పలే. గాని తర్వాతి మీటింగుల పుస్తకం ఒడిల పెట్టుకోని, పోయినసారి తీర్మానాలు తనే చదివింది. మొగడు పోయి గోడ పక్కన అరుగు మీద కూసున్నడట. మల్లొచ్చిన ఎలక్షన్ల ఆ సీటు రిజర్వేషన్ మారి పోయింది, ఆమె నిలబడలే. ఐదేండ్లు పని నేర్చుకున్న మనిషిని ఇంట్ల కూసోబెట్టుడు నాకు ఇప్పటికీ మనసుకు పట్టది.

ఇప్పుడు మన పంచాయతీలల్ల సగం సీట్లు మీవే. అసెంబ్లీల మూడోవంతు అని 2023ల చట్టం చేసిన్రు, జనాభా లెక్కలు, సీట్ల పంపకం అయినంకనట. ఇరవై ఒకటి నిండితే సర్పంచ్‌గ నిలబడొచ్చు. నీకు వచ్చే ఉగాదికి నిండుతయి గదా?

సరే, ఒక్కటి చెప్పు. మీ హాస్టల్ల ఈ నెల మెస్సు బిల్లు ఎంత? నాలుగు వేల ఆరు వందలా. అందుల పప్పు ఎంత, గ్యాసు ఎంత, కూరగాయలు ఎంత?

ఏందే, ఫోన్ తీస్తున్నవ్. ఎవరికి? మీ సెక్రటరీ పిల్లకా, ఇంత రాత్రి? సరే, అడుగు. నేను గా కంకి తిప్పుత, మాడుతున్నది.